ఎల్లయ్య చేసిన పొడుగు పెట్టె

పటాన్‌చెరు సంతలో ఆ రోజుల్లో ధాన్యం కొలిచే మానికకి ఒకటే పరీక్ష. తిరగేసి అడుగు చూడటం. అక్కడ కాలిన గీత ఒకటి, దాని మీద మూడు చుక్కలు కనిపిస్తే కొనేవాడూ నోరెత్తడు, అమ్మేవాడూ నోరెత్తడు. ఆ ముద్ర వడ్రంగి వడ్ల ఎల్లయ్యది.

ఎల్లయ్య గురించి చెప్పుకునే కథలకు కొలత లేదు. బీరంగూడ గుట్ట మీద నిలబడి పటాన్‌చెరులో ఎవరింటి దూలం వంకరగా ఉందో చెప్పేవాడట. రామచంద్రపురంలో ఒక రైతు ఎద్దు అడుగుజాడ మాత్రమే చూసి దానికి కాడి చేసిచ్చాడట. మెడ మీద పెడితే వెంట్రుక దూరేంత సందు కూడా లేదట. వీటిలో సగం అబద్ధం. మిగతా సగం ఎల్లయ్య స్వయంగా చెప్పుకున్నవి. కానీ అతని మానికలో గింజ ఎక్కువగానీ తక్కువగానీ పట్టిందని చెప్పినవాడు మాత్రం ఆ చుట్టుపక్కల పుట్టలేదు.

పందొమ్మిది వందల డెబ్బై దాటేసరికి సంతలోకి సర్కారు ముద్ర వేసిన ఇనుప డబ్బాలు వచ్చాయి. బొంబాయి రోడ్డుకి రెండు వైపులా ఫ్యాక్టరీల గోడలు లేచాయి. నాగళ్ళు పట్టుకునేవాళ్ళే గేటు దగ్గర వరసలో నిలబడుతుంటే ఇక నాగలి చేసేవాడి సంగతి చెప్పేదేముంది? యాభై ఐదేళ్ళ వయసులో ఎల్లయ్య కూడా బాడిస, రంపం సంచిలో వేసుకుని, నీళ్ళ పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ లోపల జరిగే కట్టుబడి పనికి చేరాడు.

పని పట్టిన కంట్రాక్టరు వీర్రాజు. కాకినాడ వైపు మనిషి. నవ్వితే తను మకాం వేసిన డేరా గుడ్డ కదిలేది. కూలివాళ్ళకి ఆయన చేత్తో ఆయనే టీ పోసిచ్చేవాడు. ఫ్యాక్టరీ తరఫున పని చూసేది ఇంజనీరు వెంకటరామయ్య. రేపల్లె నుంచి వచ్చి స్థిరపడ్డాడు. సన్నగా, పొడుగ్గా, కొలబద్దకి చొక్కా తొడిగినట్టు ఉండేవాడు. కడుతున్నది కార్మికుల భోజనశాల. అప్పటిదాకా మూడు వందల మంది రేకుల షెడ్డు కింద, పైనుంచి ఎండ కాలుస్తుంటే, చెమట కలిపిన అన్నం తినేవాళ్ళు.

ఎల్లయ్య చేరింది ఆగస్టులో, ముసురు పట్టినప్పుడు. వెంకటరామయ్య అతన్ని పిలిచి రెండు పెట్టెలు చెయ్యమన్నాడు. కాంక్రీటు కలిపేటప్పుడు బస్తా సిమెంటుకి ఇసుక ఇంత, కంకర ఇంత అని కొలిచి పొయ్యాలి. ఆ కొలతకి వాడే చెక్కపెట్టెని ఫర్మా అంటారు. రెండు పెట్టెలూ అడుగు పొడవు, అడుగు వెడల్పు. ఎత్తు మాత్రం ఒకటి పదిహేను అంగుళాలు, రెండోది పద్దెనిమిదిన్నర. పొట్టిది కంకరకీ పొడి ఇసుకకీ. పొడుగుది వానాకాలంలో తడి ఇసుకకి మాత్రమే. ఇసుక తడిస్తే పొంగుతుందని, పొట్టి పెట్టెతో కొలిస్తే అసలు ఇసుక తక్కువ పడుతుందని ఇంజనీరు వివరించాడు.

ఎల్లయ్య నమ్మలేదు. నానితే పొంగడానికి ఇసుక ఏమైనా శనగపప్పా అనుకున్నాడు. పొడుగు పెట్టె చేశాక దాన్నిండా తడి ఇసుక పోసి, అంచుకి సమంగా గీసి, మీద బిందెడు నీళ్ళు గుమ్మరించాడు. ఇసుక బుడగలు వదులుతూ దిగింది, దిగింది, సరిగ్గా పదిహేను అంగుళాల దగ్గర ఆగింది. ఆ సాయంత్రం భార్య మొగులమ్మకి దేవుణ్ణి చూసొచ్చినవాడిలా చెప్పాడు.

రెండు పెట్టెలకీ పక్క చెక్క మీద తన ముద్ర కాల్చాడు. అలా చెయ్యమని ఎవరూ అడగలేదు. ఏ కొలపాత్ర చేసినా ముద్ర వెయ్యడం తాత నాటి అలవాటు. వెంకటరామయ్య టేపు పెట్టి రెండూ కొలిచాడు. దారం మందం తేడా లేదు. ఆ తర్వాత ఎప్పుడు కాంక్రీటు పోస్తున్నా ఇంజనీరు వచ్చి, పెట్టె మీద ఆ గీత, మూడు చుక్కలు చూసి, తల ఊపి వెళ్ళేవాడు. మరోసారి టేపు తియ్యలేదు.

తప్పు అక్కడ మొదలైంది. అది ఎవరికీ తెలియదు, ఒక్క వీర్రాజుకి తప్ప.

మార్చి వచ్చింది. ఎండలు ముదిరాయి. మంజీర నుంచి లారీల్లో వచ్చిన ఇసుక దిగేసరికే పేలాలు వేయించుకునేంత వేడిగా, పొడిగా ఉండేది. భోజనశాల స్లాబు ఒక సోమవారం పోశారు. ఎల్లయ్య అప్పుడు అవతల షెడ్డులో తలుపుల చౌకట్లు చేస్తున్నాడు. ఎనిమిది రోజుల తర్వాత, మంగళవారం పొద్దున, కిటికీల కొలత తీసుకోవడానికి హాలు లోపలికి వచ్చాడు.

లోపల అడవిలా ఉంది. స్లాబుని మోస్తూ వందల ఊతకర్రలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య వంగి నడుస్తుంటే మూలన బోర్లించిన పొడుగు పెట్టె కనిపించింది. తన చేతి పని చూసుకోకుండా దాటిపోయే వడ్రంగి ఉండడు. తిరగేశాడు. లోపల చెయ్యి పెట్టాడు. అతని వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఇసుక చెక్కని నున్నగా చేస్తుంది. ఆ పెట్టె లోపలి చెక్క నిండా గాట్లు, గీతలు, మూలల్లో తెల్లటి రాతి పొడి. ఆ పెట్టెతో కంకర కొలిచారు.

సెంట్రింగు మేస్త్రీ లింగం అక్కడే ఉన్నాడు. పొట్టి పెట్టె ఏమైందని ఎల్లయ్య అడిగాడు. చలికాలం మొదలైనప్పటినుంచి అది కనపడలేదనీ, ఇసుకైనా కంకరైనా అన్నిటికీ ఈ పెట్టే వాడుతున్నారనీ, స్లాబు కూడా దీంతోనే పోశారనీ లింగం చెప్పాడు.

ఎల్లయ్య లెక్కలు చదువుకున్నవాడు కాదు. కానీ కొలత అతనికి ఆకలి తెలిసినట్టు తెలిసేది. బస్తా సిమెంటుకి పడాల్సిన దానికంటే రాయీ ఇసుకా దాదాపు పావు వంతు ఎక్కువ పడ్డాయి. అంటే ఐదు బస్తాలు పట్టాల్సిన చోట నాలుగే పట్టాయి. ఇంజనీరు కళ్ళ ముందే పోశారు. పక్కన పొట్టిది ఉంటే పొడుగుది పొడుగని తెలిసేది. ఒక్కటే ఉంది, దాని మీద ముద్ర ఉంది. ఆయన తల ఊపి ఊరుకుని ఉంటాడు.

వీర్రాజు డేరాలోకి వెళ్ళాడు. కంట్రాక్టరు లేడు. కిరసనాయిలు స్టవ్వు, దాని మీద టీ గిన్నె, కింద దినపత్రిక పరిచిన బల్ల. మూడు నెలలుగా ఆ బల్ల పక్కనే కూచుని ఎల్లయ్య టీ తాగుతున్నాడు. ఇవాళ పత్రిక అంచు ఎత్తి చూశాడు. గీత, మూడు చుక్కలు. అది బల్ల కాదు, బోర్లించిన పొట్టి పెట్టె.

"ఏంటి ఎల్లయ్యా, పేపరు చదవడం ఎప్పుడు నేర్చావ్?" అంటూ వీర్రాజు లోపలికి వచ్చాడు.

"గీ పెట్టె గిక్కడెందుకున్నది సాబ్?"

వీర్రాజు స్టవ్వు ముందు చతికిలబడి రెండు గ్లాసులు కడిగాడు.

"కంకర దేంతోని కొలిసిన్రు?"

"నీ పెట్టెతోనే. నువ్వు చేసిందే, నీ ముద్ర వేసిందే." టీ గ్లాసు ముందుకు జరిపాడు. "సిమెంటు ఎక్కడుంది చెప్పు? పర్మిట్టు కోసం మూడు నెలలు హైదరాబాదు చుట్టూ తిరిగాను. ఉన్నదాంతో కట్టాలి. ఇళ్ళన్నీ ఇలాగే కడుతున్నారు, ఏదైనా కూలిందా?"

ఎల్లయ్య గ్లాసు ముట్టుకోలేదు. ఇంజనీరుకి చెప్పాలన్నాడు. ఇంజనీరు సోమవారం నుంచి హైదరాబాదులో ఉన్నాడు, రేపు పది గంటలకి గానీ రాడు. ఆ సంగతి వీర్రాజుకి బాగా తెలుసు. రేపు ఎనిమిదింటికల్లా ఊతకర్రలు తీయించేస్తున్నానని చెప్పాడు.

"రేపటికి తొమ్మిది దినాలే అయితది. ఇర్వై ఒక్క దినాలు ఉంచాలె గద సాబ్."

"శుక్రవారం కంపెనీ పెద్దలొచ్చి కార్మికులతో పాటు భోంచేస్తారు. కర్రల మధ్య కూచోబెట్టి వడ్డించమంటావా?" వీర్రాజు గొంతు తగ్గించాడు. "విను. రేపు ఏదైనా జరిగిందనుకో. పోలీసులు ముందు ఏం చూస్తారు? నా పేరు ఎక్కడా రాసిలేదు. నీ పేరు కాల్చి ఉంది. నేను దొంగనైతే నువ్వు దొంగ చేతికి కత్తి చేసిచ్చినవాడివి. టీ చల్లారిపోతోంది, తాగు."

ఎల్లయ్య పని మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూచున్నాడు. మొగులమ్మ జొన్నలు చెరుగుతూ మొగుడి ముఖం చూసి చేట కింద పెట్టింది. అతను జరిగింది మొత్తం చెప్పాడు. స్లాబు నిలిచినా నిలవచ్చునన్నాడు. పోలీసుల మాట చెప్పాడు. సంతలో తన పేరు పోతుందన్నాడు. అది మూడు సార్లు అన్నాడు.

ఆమె పేరు సంగతి పట్టించుకోలేదు.

"దానికింద ఎందరు కూసుంటరు?"

"మున్నూరు మంది."

"మరి నువ్వు గీడ కూసున్నవేంది?"

బుధవారం పొద్దున ఏడు గంటలకే ఎల్లయ్య ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఇంజనీరు జీపు ముందుగా వస్తుందేమోనని ఆశ. బొంబాయి రోడ్డు మీద లారీలు పోయాయి, సంగారెడ్డి బస్సు పోయింది, గడ్డిబండి పోయింది. జీపు రాలేదు. మేనేజరుని కలుస్తానని గేటు జవాను కాళ్ళావేళ్ళా పడ్డాడు. వడ్లవాడికి మేనేజరుతో ఏం పనని జవాను ఆఫీసు వైపు పోనివ్వలేదు. ఎనిమిది కొట్టింది. హాలు వైపు నుంచి సుత్తి దెబ్బ వినిపించింది.

స్లాబు కింది కర్రలు నడిమధ్య నుంచి తీసుకుంటూ అంచులకి వస్తారు. సుత్తితో కర్ర అడుగున ఒక దెబ్బ, పక్కకి ఒరిగిన కర్ర నేల మీద పడ్డ చప్పుడు. ఒకటి. రెండు. ఎల్లయ్య నడుస్తూ లెక్కపెట్టాడు. నాలుగు. ఐదు. తర్వాత పరుగెత్తాడు. అతను హాలు గుమ్మంలోకి వచ్చేసరికి పదకొండోది పడింది.

నడిమధ్యన మంచం పట్టేంత ఖాళీ ఏర్పడింది. ఎల్లయ్య కర్రల సందుల్లోంచి దూరి ఆ ఖాళీలోకి వెళ్ళి, తువ్వాలు పరిచి, దాని మీద బాసింపట్టు వేసుకుని కూచున్నాడు.

లింగం సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. "ఎల్లన్నా, లెవ్వు. నెత్తి మీద చెక్కలు పడ్తయి."

"చెక్కలొక్కటే కాదు లింగం. సిమెంటు తక్కువేసిన్రు. నువ్వు కూడ బయటికి పో, నీ మనుషుల్ని తోల్కపో. నేనుంటే నువ్వు కొట్టవు గదా, గందుకే కూసున్న."

నలుగురు కూలివాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కబురు అందుకుని వీర్రాజు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు. అది లింగం చూశాడు.

ముసలాడికి మతి తప్పిందని, ఇద్దరు పట్టుకుని బయట పడెయ్యమని వీర్రాజు అన్నాడు. ఎవరూ కదల్లేదు. పని పోతుందన్నాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు లింగం వైపు తిరిగాడు.

"ఆ చివర్నించి కొట్టుకురా లింగం. వాడే లేస్తాడు."

"మీరు గీడికొచ్చి నా పక్కపొంటి నిలబడున్రి సాబ్," అన్నాడు లింగం. "గప్పుడు కొడ్త."

వీర్రాజు గుమ్మం దాటలేదు. ఆ క్షణంలోనే పైన చప్పుడైంది. పెద్దదేమీ కాదు. ఎండిన కంది కట్టె మోకాలి మీద విరిచినట్టు, ఒకే ఒక్క టక్కుమన్న చప్పుడు. సన్నటి పొడి జారి ఎల్లయ్య భుజం మీద పడింది.

ఆ నిశ్శబ్దంలో ఒక కూలివాడి మొలతాడుకున్న తాళంచెవి ఊగడం కూడా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. అందరికంటే ముందు తేరుకున్నది ఎల్లయ్య. లేవలేదు. గొంతు పెంచలేదు. పసిపిల్ల నిద్రపోతున్న గదిలో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"లింగం, పడ్డ కట్టెల్ని మల్ల నిలబెట్టాలె. ఎవరూ ఉరకొద్దు. ఒక్కొక్కటే నాకియ్యి."

లింగం మనుషుల్ని బయటికి పంపేశాడు. తను మాత్రం వెళ్ళలేదు. కర్రని ఈడ్చకుండా ఎత్తి తెచ్చి ఇచ్చేవాడు. ఎల్లయ్య దాన్ని నిలబెట్టి, అడుగున చెక్కముక్క పెట్టి, సుత్తి వాడకుండా మడమతో నెట్టి బిగించేవాడు. చెమట కళ్ళల్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు. బయట వీర్రాజు ఎవరినో కేకలేస్తున్నాడు. కాసేపటికి అదీ ఆగిపోయింది. అంచుల వైపు కర్రలు సులువుగానే పట్టాయి. నడిమధ్యకి వచ్చేకొద్దీ బిగువు ఎక్కువైంది. పదో కర్రకి అడుగు చెక్క తీసెయ్యాల్సి వచ్చింది.

పదకొండో కర్ర పట్టలేదు.

అదే కర్ర, అదే చోటు. గంట కింద అక్కణ్ణించే తీశారు. అడుగున చెక్కముక్క లేకుండా పెట్టినా నిటారుగా నిలబడటం లేదు. ఎల్లయ్య బొటనవేలు అడ్డంపెట్టి చూశాడు. కర్ర వేలి మందం పొడుగైంది. కర్రలు పెరగవు.

లింగం పైకి చూశాడు. "దిగింది," అన్నాడు మెల్లగా.

"ఊ. రంపం తే."

వేలి మందం కోసి, కర్ర నిలబెట్టి, అప్పుడు ఇద్దరూ బయటికి వచ్చారు. గుమ్మం బయట వెంకటరామయ్య నిలబడి ఉన్నాడు. జీపు వచ్చిన చప్పుడు వాళ్ళకి వినిపించనే లేదు. వీర్రాజు ఆయన చెవిలో ఏదో చెబుతున్నాడు. ముసలాడు తాగొచ్చాడన్న మాట మాత్రం పైకి వినిపించింది.

ఎల్లయ్య కోసిన చెక్క బిళ్ళని ఇంజనీరు చేతిలో పెట్టాడు. అది ఏమిటో చెప్పాడు. తర్వాత పొడుగు పెట్టె తెచ్చి ముందు పెట్టి, లోపలి గాట్లు చూపించాడు.

"పెట్టె నాదే సారూ. ముద్ర నాదే. పోలీసుల్ని పిలిస్తే నన్ను కూడ రాయున్రి. కని అది కింద పడకముందు పిలవున్రి."

వెంకటరామయ్య పెట్టె లోపల వేళ్ళతో తడిమాడు. జేబులోంచి టేపు తీసి ఎత్తు కొలిచాడు. పద్దెనిమిదిన్నర. ఆ అంకె మీద బొటనవేలు ఉంచి అలాగే ఉండిపోయాడు.

వీర్రాజు దగ్గరికి జరిగాడు. స్లాబు పోసిన రోజు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పక్కనే నిలబడి చూసుకుని సంతకం చేసింది మీరే కదండీ అని గుర్తు చేశాడు. బలం పరీక్షించడానికి విడిగా తీసిన నమూనా దిమ్మెలు బ్రహ్మాండంగా ఉన్నాయని కూడా చెప్పాడు. అవి సిమెంటు సరిగా వేసి వేరే కలిపి పోసినవని ఇంజనీరుకి అప్పుడు అర్థమైంది.

"అవును, సంతకం నాదే," అన్నాడు వెంకటరామయ్య. "నేను కొలవలేదు. ముద్ర చూశాను, పెట్టె చూడలేదు. అదే రాస్తాను."

రాసే ముందు స్లాబు పైకెక్కాడు. లింగం చేత ఉలితో నాలుగు చోట్ల కొట్టించాడు. గట్టి కాంక్రీటు మీద ఉలి వేస్తే గంట కొట్టినట్టు మోగి వెనక్కి తన్నుతుంది. ఇక్కడ ఉలి చప్పుడు చెయ్యకుండా బెల్లంలోకి దిగినట్టు దిగింది. ఇంజనీరు ఆ పొడిని అరచేతిలో వేసుకుని మేనేజరు గదికి నడిచాడు. కార్మికుల ముందు స్లాబు పగలగొడితే కంపెనీ పరువు పోతుందని, రంగు వేసి పెద్దలు వెళ్ళాక మెల్లగా చూద్దామని మేనేజరు అన్నాడట. వెంకటరామయ్య ఆ పొడిని ఆయన గాజుబల్ల మీద పోసి, అలా చెయ్యాలంటే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడట. మేనేజరు కలం తియ్యలేదు.

వీర్రాజు డేరా సాయంత్రానికి ఖాళీ అయింది. వెంకటరామయ్య తన తప్పు తానే రాసుకున్నందుకు రెండు ఇంక్రిమెంట్లు కోసి ఆయన్ని స్టోర్సుకి మార్చారు. పోలీసులు ఎల్లయ్యని రెండు సార్లు పిలిపించారు. రెండు సార్లూ పొద్దుణ్ణించి కూచోబెట్టి, మాపటికి పంపేశారు.

గురువారం పొద్దున స్లాబు పగలగొట్టడం మొదలుపెట్టారు. అంత స్లాబు పగలడానికి వారం పడుతుందని లింగం అంచనా. శుక్రవారం మధ్యాహ్నానికి మూడొంతులు నేల మీద ఉంది. అంత త్వరగా పగిలినందుకు ఎవరూ లింగాన్ని మెచ్చుకోలేదు. సమ్మెట వేసేవాళ్ళు తమ చేతుల వైపు చూసుకుంటూ, ఇంకా మెల్లగా వేశారు.

కంపెనీ పెద్దలు భోజనానికి రాలేదు. వాళ్ళ కోసం వండిన పులావు, మిఠాయి కార్మికులకే పెట్టారు. ఎక్కడ? పాత రేకుల షెడ్డులోనే. మూడు వందల మంది విస్తళ్ళ ముందు కూచున్నారు. పైన రేకు పెనంలా కాలుతోంది. కొత్త హాలు చేతికొచ్చే వేళకి ఎవడో వడ్లవాడు అడ్డం పడ్డాడట, వాడి చేతులిరగ, ఈ వేసవంతా మనకి ఈ కొలిమే గతి అని ఒకడు అందుకున్నాడు. వాడి పక్కవాడు ఇంకో నాలుగు కలిపాడు. తిట్టు వరస చివరిదాకా పాకింది.

వరస చివర ఎల్లయ్య కూచుని ఉన్నాడు. అతన్ని ఎవరూ ఎరగరు. పక్కన కూచున్న కుర్రకార్మికుడు, ఆ వడ్లవాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా పెద్దయ్యా అని అడిగాడు.

"సూసిన," అన్నాడు ఎల్లయ్య. "మస్తు మొండోడు. జెర పులావు గిటు జరుపు."